పగడపుజీవుల ఆరోగ్యంపై కాంతి ప్రభావం: గోదావరి తీరం నుంచి గృహ ఆక్వేరియం వరకు

వ్యాససంగ్రహం:
దిబ్బలను నిర్మించే పగడపుజీవులకు కాంతి ఆహారానికి మూలం. అది తగ్గినా, మితిమీరినా వాటి దేహంలోని సహజీవనం దెబ్బతింటుంది. గోదావరి తీరంలో పగడపు దిబ్బలు ఏర్పడకపోవడానికి గల కారణాలతో మొదలుపెట్టి, సముద్రానికి దూరంగా ఉన్న జంగారెడ్డిగూడెం వంటి ఊళ్లో ఉప్పునీటి ఆక్వేరియానికి కాంతిని ఎలా నిర్ణయించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పగడాలు, సహజీవనం, కిరణజన్యసంయోగక్రియ, కాంతితీవ్రత, వివర్ణత, గోదావరి.

1. ఉపోద్ఘాతం:
ఏలూరు జిల్లాలోని జంగారెడ్డిగూడెం మెట్టప్రాంతపు పట్టణం. వానాకాలంలో ఆ ప్రాంతపు ఎర్రకాలువ నీటిలో చేయి ముంచితే కొద్దిలోతులోనే కనుమరుగవుతుంది. గోదావరి వరదనీటి తీరూ అదే. ఈ ఒండ్రునీరు సముద్రంలో కలిసేచోట వెలుతురు లోతుకు దిగదు. నీటిలో ఉప్పదనం తగ్గుతుంది. అడుగున గట్టి రాతినేలకు బదులు మెత్తని బురద పేరుకుంటుంది. అందువల్లనే గోదావరి ముఖద్వారాల వద్ద కోరింగ మడ అడవులు పెరిగాయి గాని, మన్నార్ సింధుశాఖలోను, లక్షద్వీప్‌లోను, అండమాన్‌లోను ఉన్నటువంటి పగడపు దిబ్బలు ఏర్పడలేదు. ప్రకృతిలో పగడాల ఉనికిని నిర్ణయించే ఈ కాంతి నియమమే గాజుతొట్టెకూ వర్తిస్తుంది.

2. కాంతి - సహజీవనం:
పగడం మొక్క కాదు, రాయి కాదు. పాలిప్ అనే చిన్న జంతువుల సముదాయం. ఈ పాలిప్‌ల కణాలలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. అవి కాంతిని గ్రహించి చక్కెరలను తయారుచేసి, అధికభాగాన్ని ఆతిథేయికి అందిస్తాయి. అనేక జాతుల పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఈ విధంగానే లభిస్తుంది. పగడం విసర్జించే నత్రజని, కార్బన్ డయాక్సైడ్ శైవలాలకు ఉపయోగపడతాయి. కాల్షియం కార్బొనేట్ అస్థిపంజర నిర్మాణం కూడా చీకటిలో కంటే వెలుతురులో సగటున మూడురెట్లు వేగంగా జరుగుతుంది. కాబట్టి కాంతి చాలని పగడం ముందు ఎదుగుదలను, తరువాత ప్రాణాన్ని కోల్పోతుంది.

కాంతి ఎక్కువైనా ప్రమాదమే. శైవలాలు వినియోగించుకోలేనంత కాంతి పడినప్పుడు, ప్రత్యేకించి నీరు వేడెక్కినప్పుడు, హానికరమైన ఆక్సిజన్ రూపాలు ఉత్పత్తి అవుతాయి. అప్పుడు పగడం తన శైవలాలను కోల్పోతుంది; పారదర్శకమైన దేహంలోంచి తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. దీనినే వివర్ణత అంటారు. 1998లోను, 2016లోను సముద్రజలాలు వేడెక్కినప్పుడు భారతదేశపు పగడపు దిబ్బలలో ఈ స్థితి విస్తృతంగా కనిపించింది. వివర్ణమైన పగడం వెంటనే మరణించదు. పరిస్థితి త్వరగా చక్కబడితే కోలుకోగలదు.

3. కాంతి వర్ణం:
విశాఖపట్నంలో బాల్యవిద్య పూర్తిచేసిన సి.వి. రామన్, 1921 నాటి సముద్రయానంలో సముద్రపు నీలివర్ణాన్ని పరిశీలించి, అది కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదని, నీటి అణువులు కాంతిని వెదజల్లడం కూడా దానికి కారణమని చూపారు. నీరు ఎర్రకాంతిని త్వరగా పీల్చుకుంటుంది. నీలికాంతి లోతుకు చేరుతుంది. అందుకు అనుగుణంగా జూజాంథెల్లేలోని వర్ణకాలు నీలికాంతిని సమర్థంగా గ్రహిస్తాయి. ఆక్వేరియం దీపాలలో 420 - 460 నానోమీటర్ల నీలికాంతికి ప్రాధాన్యమివ్వడానికి కారణమిదే. ఆ కాంతిలో పగడాలు ఆకుపచ్చగా, నారింజరంగులో మెరవడం వాటిలోని ప్రతిదీప్తి ప్రోటీన్ల వల్ల కలుగుతుంది. ఆ మెరుపు ఒక్కటే ఆరోగ్యానికి నిదర్శనం కాదు.

4. కాంతి మోతాదు:
దీపం ఎన్ని వాట్లదన్న లెక్క పగడానికి అక్కరకు రాదు. 400 - 700 నానోమీటర్ల పరిధిలోని ఫోటాన్లు చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు చేరుతున్నాయన్నదే సరైన కొలమానం. నిర్మలమైన ఆకాశం కింద, ఉష్ణమండలంలో, మిట్టమధ్యాహ్నం సముద్ర ఉపరితలంపై ఇది సుమారు 2000 ఉంటుంది. ఆక్వేరియం పెంపకందారులు సాధారణంగా మెత్తని పగడాలకు 50 - 150, పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలకు 100 - 200, చిన్న పాలిప్‌ల గట్టి పగడాలకు 200 - 400 వరకు పాటిస్తారు. వ్యవధి కూడా లెక్కలోకి వస్తుంది. 200 తీవ్రతతో 10 గంటలు వెలిగే దీపం రోజుకు చదరపు మీటరుకు 7.2 మోల్‌ల ఫోటాన్లను అందిస్తుంది. కొత్త దీపం అమర్చినప్పుడు తక్కువ తీవ్రతతో ఆరంభించి, కొన్ని వారాలలో క్రమంగా పెంచాలి. పగడం గోధుమరంగుకు మారితే కాంతి చాలడంలేదని, వెలిసిపోతే మితిమీరిందని అనుమానించవచ్చు. అయితే నీటిలోని పోషకాలలో తేడాలు, అధిక ఉష్ణోగ్రత కూడా ఇవే లక్షణాలను కలిగిస్తాయి. కనుక కొలతలు తీసుకోకుండా దీపాన్ని మార్చడం తగదు.

5. మెట్టప్రాంతపు పరిస్థితులు:
జంగారెడ్డిగూడెం పరిసరాలలో పగటి నిడివి ఏడాదిలో సుమారు 11 నుంచి 13 గంటల వరకు మారుతుంది. కిటికీ వెలుగును నమ్ముకుంటే తీవ్రత అదుపులో ఉండదు. తొట్టె గోడలపై నాచు పెరిగి, పగడాలకు చేరవలసిన కాంతిని అడ్డుకుంటుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో తొట్టెనీటిని 25 - 27 డిగ్రీల వద్ద నిలపడం అసలైన పరీక్ష. లోహ హాలైడ్ దీపాలు నీటిపైకి ఎక్కువ వేడిని ప్రసరింపజేస్తాయి, ఎల్.ఇ.డి. దీపాలతో ఆ భారం తక్కువ. శీతలీకరణ విఫలమైన రోజున దీపాల తీవ్రతను తగ్గించడం వివర్ణతను నివారించే తక్షణచర్య. విద్యుత్తు ఆగిపోయినప్పుడు వెలుతురు కొన్ని గంటలు లేకపోయినా పగడం తట్టుకుంటుంది. నీటి ప్రవాహం, ఆక్సిజన్ ఆగితే తట్టుకోలేదు. అందువల్ల ప్రత్యామ్నాయ విద్యుత్తును ముందుగా పంపులకు కేటాయించాలి.

6. చట్టపరమైన అంశం:
భారతదేశంలో దిబ్బలను నిర్మించే గట్టి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. వాటిని సముద్రంనుంచి సేకరించడం, అమ్మడం జైలుశిక్షకు దారితీసే నేరాలు. కాబట్టి దీపాన్ని ఎంచుకోవడానికి ముందే జీవి మూలాన్ని, పత్రాలను నిర్ధారించుకోవాలి.

7. ముగింపు:
తొట్టెలో ఒక పగడం చనిపోతే ఆ స్థానాన్ని మరొకదానితో నింపాలన్న కోరిక కలుగుతుంది. ఆ కోరిక భారం చివరకు సముద్రంలోని దిబ్బపైనే పడుతుంది. కాంతి తీవ్రత, వర్ణం, వ్యవధి, ఉష్ణోగ్రత అనే నాలుగింటినీ కలిపి చూసినప్పుడే గృహ ఆక్వేరియం అలంకరణ స్థాయిని దాటి జీవశాస్త్ర అధ్యయనానికి తోడ్పడుతుంది. గోదావరి బురదనీటిలో దిబ్బలు ఎందుకు లేవో గ్రహించినవారికి, గాజుతొట్టెలో పగడం ఎందుకు వెలిసిపోతుందో గ్రహించడం కష్టం కాదు.