కాలేజీ ఫుట్‌బాల్‌కి గీతలు గీసేదెవురు?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన ఆట కాదు. కోడిగుడ్డు మాదిరుండే బంతిని చేత్తో పట్టుకోని ఉరికే ఆట. ఆడ కొన్ని యూనివర్సిటీలు ఒక జట్టుగా చేరి, ఏటా వాళ్లలో వాళ్లు పోటీ పడతారు. ఆ కూటమినే కాన్ఫరెన్స్ అంటారు.

1896లో ఏడు యూనివర్సిటీలతో మొదలైన బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 ఉండాయి. పేరు మాత్రం ఇంకా పదే! పసిఫిక్ తీరంలో 1915లో పుట్టిన కూటమి ప్యాక్-12 నుంచి 2024లో పది ఎళ్లిపోతే రెండే మిగిలినాయి. పసిఫిక్ పక్కనుండే స్టాన్‌ఫర్డ్ పోయి అట్లాంటిక్ తీరం కూటమిలో చేరింది. ఏమిటికి? టీవీ దుడ్డు కోసరం.

మరి మన పక్క? మనకీ గీతలుండాయి. అయితే వాటిని గీసింది టీవీ కాదు, యూనివర్సిటీ హద్దులు.

1954లో తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ వచ్చినాక సీమ కాలేజీలు, నెల్లూరు కాలేజీలు దానికిందికి చేరినాయి. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2006లో కడపలో యోగి వేమన, 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీలు పుట్టినాయి. ఒకే గొడుగు కింద ఆడిన కాలేజీలు విడిపోయినాయి.

దీంతో ఆటకేమైంది? మన మెట్లు ఇట్లుంటాయి: ముందు కాలేజీల మధ్య పోటీ. అందులో బాగా ఆడినోళ్లను ఏరి యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు భారత యూనివర్సిటీల సంఘం కింద జరిగే సౌత్ జోన్‌కి పోతాది. ఆడ ముందు నిలిచినోళ్లు ఆలిండియాకి పోతారు. అంటే యూనివర్సిటీలు చీలితే కాలేజీ పోటీ చిన్నదైతాది, నిజమే. కానీ ఒక జట్టుండే చోట ఐదు జట్లైనాయి. పల్లె పిల్లోళ్లకు చోటు జాస్తైంది గదా!

అయితే మొదటి మెట్టే ఎక్కనీకపోతే? నేను చదివిన కాలేజీలో సెలక్షన్ నోటీసు గోడమీద కనపడేసరికే పోటీలు అయిపోయినాయి. ఆ పొద్దు మేమెవరమూ నోరు తెరిచి అడగలా. అడగాలని గూడా తెలీదు.

మీరట్ల ఉండొద్దు. మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందుండాదో, ఈ ఏడు ఫుట్‌బాల్ జట్టును పంపుతాదో లేదో ఇప్పుడే పోయి అడగండి. ఫీజు రసీదు తీసి చూడండి. అందులో గేమ్స్ ఫీజు అని ఉంటే, ఆ దుడ్డు మీదే. బంతి యాడుండాదని అడిగే హక్కూ మీదే.