డిస్కు ‘ఫార్మాట్’ అడిగితే తొందరపడరాదు
పార్టిషన్ పట్టిక చెడినా ఫైళ్లు దక్కే అవకాశం.. లినక్స్ ‘లూప్’ పద్ధతితో మేలు

దేవరకొండ: పెళ్లి ఫొటోలు, డీటీపీ కేంద్రాల ఫైళ్లు, భూముల పత్రాల స్కానింగ్ ప్రతులు నేడు హార్డ్ డిస్కులలోనే భద్రపరుస్తున్నారు. పని మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా డిస్కు మొరాయించవచ్చు. ‘వాడుకోవాలంటే ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అనే సందేశం తెరపై కనిపిస్తుంది. దానికి అంగీకరిస్తే దక్కవలసిన సమాచారం కూడా చేజారే ప్రమాదం ఉంది.

హద్దురాళ్లు పోయినా పొలం పోదు

డిస్కులోని స్థలాన్ని సెక్టార్ల లెక్కన కొలుస్తారు. సాధారణంగా ఒక్కో సెక్టారుకు 512 బైట్లు. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో తెలిపే పట్టిక డిస్కు ఆరంభంలో ఉంటుంది. అది చెరిగిపోతే లోపలి ఫైళ్లు చెక్కుచెదరకున్నా కంప్యూటర్‌కు దారి తెలియదు. హద్దురాళ్లు పీకేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు కదా!

లూప్ పరికరం అంటే..

డిస్కులో ఫలానా చోటు నుంచి మొదలయ్యే భాగాన్ని విడి డిస్కుగా చూపే సదుపాయమే లినక్స్‌లోని లూప్ పరికరం. దీనిని ‘లోసెటప్’ అనే ఆదేశంతో ఏర్పాటు చేస్తారు. ఆరంభ స్థానాన్ని బైట్లలో తెలపాలి. విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి డిస్కులలో మొదటి పార్టిషన్ సాధారణంగా 63వ సెక్టారు వద్ద మొదలవుతుంది. దానిని 512తో గుణిస్తే 32,256. విస్టా నుంచి అది 2,048వ సెక్టారుకు మారింది. అంటే 10,48,576. స్థానం తెలియకపోతే ‘టెస్ట్‌డిస్క్’ అనే ఉచిత సాధనం వెతికి చూపుతుంది. అయితే కొత్త పట్టికను రాయమని దానికి అప్పుడే అనుమతి ఇవ్వరాదు.

లూప్ ఏర్పాటు సమయంలోనే ‘చదవడానికి మాత్రమే’ అనే నిబంధన విధించాలి. మౌంట్ చేసేటప్పుడు మాత్రమే ఆ నిబంధన పెడితే చాలదు. ఎక్స్‌టీ4 పార్టిషన్‌లో జర్నల్‌లోని అసంపూర్తి పనులను పూర్తి చేసేందుకు సిస్టం డిస్కుపై రాసే వీలుంది. అందుకే మౌంట్ ఆదేశానికి ‘నోలోడ్’ ఎంపికను కూడా జోడించాలి. డిస్కులు వాటంతటవే తెరుచుకునే ఆటోమౌంట్‌ను ముందే నిలిపివేయాలి.

ముందు నకలు.. తర్వాతే వెతుకులాట

డిస్కు నుంచి టకటక శబ్దం వస్తుంటే వెంటనే ఆపివేసి నిపుణులకు అప్పగించాలి. శబ్దం లేకున్నా చదవడంలో తడబడుతుంటే ‘డీడీరెస్క్యూ’తో మరో డిస్కులోకి పూర్తి నకలు తీయాలి. అది మొదట బాగున్న భాగాలను కాపీ చేసి, చెడిన చోట్లకు తర్వాత వస్తుంది. లూప్ పరికరాన్ని ఆ నకలుకే అమర్చుకోవచ్చు. బాగున్న డిస్కుకైనా నకలు ఉండటమే క్షేమం. ఫైల్ సిస్టం సైతం ధ్వంసమైతే ‘ఫొటోరెక్’ ఫొటోలను వెలికితీయగలదు కానీ వాటి అసలు పేర్లు దక్కవు. లభించిన ఫైళ్లను వేరే డిస్కులోనే దాచాలి.

ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. వాటిలో ట్రిమ్ సదుపాయం పనిచేస్తుంటే చెరిపిన ఫైళ్లు తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

ఈ సాధనాలన్నీ ఉచితంగా లభించేవే. లినక్స్ కూడా తెలుగువారికి కొత్త కాదు. 2005లోనే ‘స్వేచ్ఛ’ పేరిట తెలుగు ఆపరేటింగ్ సిస్టం వెలువడింది. సొంతంగా ప్రయత్నించినా, డిస్కును హైదరాబాద్ తీసుకెళ్లినా ఒక్క నియమం తప్పరాదు. సమాచారం చేతికి వచ్చేదాకా ఆ డిస్కుపై కొత్తగా ఏమీ రాయరాదు.