షేరు అంటే ఏమిటి?

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. ఆ కంపెనీలో వందకు 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి. 49 వంతులు కేంద్ర ప్రభుత్వానివి. ఈ వంతునే వాటా అంటారు, షేరు అంటారు.

సింగరేణి షేర్లు బయట అమ్మరు. కొన్ని కంపెనీల షేర్లు ఎవరైనా కొనొచ్చు. వాటిని కొని అమ్మే చోటు స్టాక్ మార్కెట్. మానుకోట మార్కెట్లో మిర్చి ధర చూడండి. అమ్మేవాళ్ళు ఎక్కువైతే తగ్గుతుంది. కొనేవాళ్ళు ఎక్కువైతే పెరుగుతుంది. షేరు ధర కూడా అంతే.

2009 జనవరి 7న సత్యం కంపెనీ చైర్మన్ దొంగ లెక్కలు రాసినట్టు ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు ధర సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడింది. కొన్నవాళ్ళ పైసలు కరిగిపోయినయి.

అందుకే అప్పు తెచ్చి, విత్తనాల పైసలు పెట్టి షేర్లు కొనొద్దు. "తప్పక లాభం" అనేవాళ్ళను నమ్మొద్దు. షేర్ల బజారుకు కాపలా సంస్థ సెబీ. బ్రోకరుకు సెబీ అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి.