మోకాళ్ల మీద నుంచి లేపబడినవారు



ప్రార్థనలో తల వంచి మోకరించిన మనిషి భుజం పట్టి లాగి, "ఇది నీ చోటు కాదు, లేచి వెళ్లు" అంటే ఆ మనిషికి ఎలా ఉంటుంది? ఒంటికి తగిలిన గాయానికి మన డ్రెస్సింగ్ రూములో కట్టు కడతారు. ఆ మాట చేసిన గాయానికి కట్టు ఎవరు కట్టాలి? రెండు వందల ఏళ్లు దాటిన ఒక కథలో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మొదలైన కథ. అందులో ఆరాధన ఉంది, విషజ్వరం ఉంది, పాట ఉంది, చర్చి గోడల మీద బొమ్మలు ఉన్నాయి. దానిని గూర్చి తెలుసుకుంటే మన డోర్నకల్ కూడా గుర్తుకు వస్తుంది.

ప్రార్థన ముగిసేదాకా ఆగనివ్వలేదు

అబ్సలోం జోన్స్ 1746లో డెలావేర్ ప్రాంతంలో బానిసగా పుట్టాడు. పదహారేళ్ల వయసులో యజమాని ఆయనను ఫిలడెల్ఫియాకు తీసుకొచ్చాడు. పగలంతా దుకాణంలో చాకిరీ చేస్తూ, రాత్రివేళ చదువు నేర్చుకున్నాడు. 1770లో వివాహమైంది. ఆ కాలపు చట్టం ప్రకారం తల్లి బానిస అయితే పుట్టే బిడ్డలూ బానిసలే. అందుకని ఆయన తన సంగతి తరువాత చూసుకోవచ్చునని, ముందుగా డబ్బు చెల్లించి భార్యను విడిపించుకున్నాడు. ఆయనకు విడుదల దొరికింది 1784లో.

ఆయనా, ఆయన స్నేహితుడు రిచర్డ్ అలెన్ కలిసి ఆ ఊరిలోని ఒక మెథడిస్టు చర్చికి వెళ్లేవారు. నల్లజాతి వారు ఎక్కువగా రావడం మొదలుపెట్టాక, వారు పై గ్యాలరీలో కూర్చోవాలని అక్కడి పెద్దలు నిర్ణయించారు. 1790 ప్రాంతంలో ఒక ఆదివారం అందరూ మోకరించి ప్రార్థిస్తున్నారు. చర్చి పెద్ద ఒకరు వచ్చి జోన్స్‌ను పట్టి లేపబోయారు. ప్రార్థన ముగిసేదాకా ఆగమని జోన్స్ బతిమాలాడు. వారు ఆగలేదు. ప్రార్థన ముగిశాక నల్లజాతి వారంతా ఒక్కటిగా లేచి బయటికి నడిచారు. ఈ సంగతిని అలెన్ తన జీవితకథలో రాసి ఉంచాడు.

వీరిద్దరూ 1787లోనే ‘ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ’ అనే సహాయ సంఘాన్ని స్థాపించారు. సభ్యులు నెలనెలా కొద్దికొద్దిగా చందా వేసుకునేవారు. జబ్బుపడిన వారికి, విధవరాండ్రకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు ఆ డబ్బు ఆసరా అయ్యేది. మన ఊళ్లలో స్త్రీల మైత్రి వారు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి పేదలకు పంచడం మనకు తెలుసు. ఇదీ అలాంటిదే. ఆ సంఘపు వారే తమకంటూ ఒక ఆరాధన స్థలం కట్టుకోవాలని పూనుకున్నారు. అది పూర్తి కాకమునుపే ఊరి మీద జ్వరం పడింది.

1793 నాటి జ్వరం

ఆ ఏడు వేసవి చివరలో ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ ప్రబలింది. సుమారు 50,000 జనాభా గల ఊరిలో కొద్ది నెలల్లోనే నాలుగైదు వేల మంది చనిపోయారు. కలిగినవారు ఊరు విడిచి వెళ్లారు. భర్త జబ్బుపడితే భార్య, తల్లి జబ్బుపడితే బిడ్డలు వదిలి పారిపోయిన ఇళ్లు ఎన్నో.

అప్పటి ప్రసిద్ధ వైద్యుడు బెంజమిన్ రష్, నల్లజాతి వారికి ఈ జ్వరం సోకదని నమ్మాడు. రోగులకు సేవ చేయడానికి రమ్మని వారిని కోరాడు. జోన్స్, అలెన్ ముందుకు వచ్చారు. తమను మోకాళ్ల మీద నుంచి లేపిన ఊరిలోనే ఇల్లిల్లూ తిరిగి రోగులకు పరిచర్య చేశారు, మందులిచ్చారు, శవాలను మోసి పాతిపెట్టారు. జ్వరం సోకదన్న మాట అబద్ధమని త్వరలోనే తేలింది. నల్లజాతి వారిలో రెండు వందల మందికి పైగా ఆ జ్వరంతోనే చనిపోయారు.

జ్వరం తగ్గాక వారికి దక్కిందేమిటి? ఒక ముద్రాపకుడు పుస్తకం అచ్చువేసి, నల్లజాతి నర్సులు ఎక్కువ డబ్బు గుంజారని, ఇళ్లు దోచుకున్నారని రాశాడు. 1794లో జోన్స్, అలెన్ ఒక చిన్న పుస్తకంతో జవాబిచ్చారు. ఎంత వచ్చింది, శవపేటికలకు, కూలీలకు ఎంత పోయింది అన్నది లెక్కలతో సహా చూపించారు. చేతికి వచ్చినదానికంటే ఖర్చయినదే ఎక్కువ.

ఇక్కడ ఆరోగ్యం గురించి ఒక మాట. ఎల్లో ఫీవర్ దోమకాటు వలన వస్తుందని 1900లో క్యూబాలో జరిగిన ప్రయోగాలలో రుజువైంది. ఆ దోమ పేరు ఏడిస్ ఈజిప్టై. మన ఇళ్లలో డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను వ్యాపింపజేసేది ఆ దోమే. కుండీలో, పాత టైరులో, కూలర్‌లో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. పగటిపూట కుడుతుంది. మనిషి రంగు, కులం దానికి అక్కరలేదు. వారానికి ఒకసారి నీటి తొట్లు ఖాళీ చేసి, రుద్ది కడిగి ఆరబెట్టండి.

సంఘంలో చోటు దొరికినా, సభలో చోటు లేదు

1794 జూలై 17న ఆ కొత్త చర్చిని ప్రతిష్ఠించారు. దానికి సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ చర్చి అని పేరు పెట్టారు. ఎపిస్కోపల్ సంఘమంటే ఆంగ్లికన్ కుటుంబంలో అమెరికా శాఖ. మన దక్షిణ ఇండియా సంఘం కూడా ఈనాడు ఆ కుటుంబంలోనిదే. అలెన్ మెథడిస్టుగానే ఉండి వేరే సంఘాన్ని కట్టుకున్నాడు. జోన్స్ 1795లో డీకన్‌గా, తరువాత కొన్నేళ్లకు గురువుగా అభిషేకం పొందాడు. ఎపిస్కోపల్ సంఘంలో మొట్టమొదటి నల్లజాతి గురువు ఆయనే. 1818 ఫిబ్రవరి 13న ప్రభువునందు నిద్రించాడు. ఆ సంఘము ఏటా ఆ తేదీన ఆయనను జ్ఞాపకం చేసుకుంటుంది.

అయితే ఈ సంగతిలోని చేదును కూడా దాచకూడదు. ఆ చర్చిని చేర్చుకున్న డయాసిస్ ఒక షరతు పెట్టింది: ఆ చర్చి నుంచి డయాసిస్ సభకు ప్రతినిధులు రాకూడదు. ఆ అడ్డు తొలగడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. పాటలో చోటు ఇవ్వడం తేలికే. నిర్ణయం చేసే బల్ల దగ్గర కుర్చీ వేయడమే కష్టం.

యాభై రెండేళ్ల గొంతు

1894లో న్యూయార్క్‌లోని సెయింట్ జార్జెస్ ఎపిస్కోపల్ చర్చిలో సోలో పాడేవారి కోసం పరీక్ష పెట్టారు. ధనవంతులు ఆరాధించే చర్చి అది. హ్యారీ బర్లీ అనే నల్లజాతి యువకుడు ఎంపికయ్యాడు. సంఘంలో కొందరు ఒప్పుకోలేదు. గురువు వెనక్కి తగ్గలేదు. బర్లీ అక్కడ 1946 వరకు, అంటే 52 ఏళ్లు పాడాడు.

బర్లీ తాతగారు ఒకప్పుడు బానిస. చూపు లేని మనిషి. బానిసలు పొలాల్లో పాడుకున్న భక్తిగీతాలను, అంటే స్పిరిచ్యువల్స్‌ను, మనవడికి ఆయనే నేర్పాడు. బర్లీ సంగీత విద్యాలయంలో చదివేటప్పుడు వాటిని ప్రఖ్యాత స్వరకర్త ద్వోర్జాక్‌కు పాడి వినిపించాడు. తరువాత తానే వాటికి పియానో స్వరాలు కూర్చి అచ్చువేయించాడు. కొరడా దెబ్బల మధ్య పుట్టిన పాట పెద్ద సభల్లో గౌరవంగా వినబడింది. 1981లో ఎపిస్కోపల్ సంఘము నల్లజాతి వారి పాటలతో ఒక ప్రత్యేక కీర్తనల పుస్తకాన్నే వెలువరించింది.

గోడల మీద తమ ముఖాలు

తిరిగి ఫిలడెల్ఫియాకు వద్దాము. ఉత్తర ఫిలడెల్ఫియాలో ‘చర్చ్ ఆఫ్ ది అడ్వొకేట్’ అనే ఎపిస్కోపల్ చర్చి ఉన్నది. 1887 నుంచి 1897 వరకు ఫ్రాన్సు దేశపు పాత కెథెడ్రల్‌ల తీరున కట్టారు. కాలం గడిచేకొద్దీ ఆ చుట్టుపక్కల పేద నల్లజాతి కుటుంబాలు స్థిరపడ్డాయి. 1962లో పాల్ వాషింగ్టన్ అనే నల్లజాతి గురువు అక్కడికి వచ్చి 1987 వరకు సేవ చేశారు. ఆకలితో ఉన్నవారికీ, హక్కుల కోసం సభలు పెట్టుకునేవారికీ చర్చి తలుపులు తెరిచి ఉంచారు.

అయితే లోపల ఆరాధనకు వచ్చే పిల్లలకు అద్దాల కిటికీలలో తమవంటి ముఖం కనబడేది కాదు. 1973 నుంచి 1976 వరకు వాల్టర్ ఎడ్మండ్స్, రిచర్డ్ వాట్సన్ అనే ఇద్దరు చిత్రకారులు ఆ గోడల మీద 14 పెద్ద చిత్రాలు వేశారు. బైబిలు మాటల పక్కన తమ జాతి చరిత్రను నిలబెట్టారు. నిర్గమకాండములోని దాస్యము, విడుదల అమెరికాలోని బానిసత్వానికీ విముక్తి పోరాటానికీ అద్దంలా కనబడతాయి. అవి కంటికి ఇంపుగా ఉండటానికి వేసినవి కావు. బాధ ఉన్నది ఉన్నట్టు చూపించేవి. దేవుడు మా కథలో కూడా ఉన్నాడని చెప్పేవి.

ఆ చిత్రాల పని సాగుతున్న రోజుల్లోనే, 1974 జూలై 29న, ఆ చర్చిలో పదకొండు మంది స్త్రీలు గురువులుగా అభిషేకం పొందారు. అప్పటికి సంఘము దానికి అనుమతి ఇవ్వలేదు. అనుమతి వచ్చింది 1976లో. ఆ రోజు సిలువ పట్టుకుని ముందు నడిచిన సంఘపెద్ద బార్బరా హ్యారిస్, నల్లజాతి స్త్రీ. 1989లో ఆమె ఆంగ్లికన్ లోకమంతటిలో మొదటి స్త్రీ బిషప్పు అయ్యారు. ఒకనాడు గ్యాలరీకి తరిమిన జాతిలోని బిడ్డ బిషప్పు పీఠం ఎక్కింది.

మన డోర్నకల్

ఇదంతా దూరదేశపు సంగతి కదా అనుకోవద్దు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో, తెల్లజాతి మిషనరీలు భారతీయ సేవకులను సాటివారిగా చూడటం లేదని ఎదుటనే చెప్పారు. మీ త్యాగం, మీ ధనం చాలదు, మాకు స్నేహం కావాలని అడిగారు.

ఆయన డయాసిస్‌లో విశ్వాసులు ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వారు. ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని కాలమది. వారి కోసం ఆయన కట్టించిన డోర్నకల్ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. మన దేవాలయాల తీరు స్తంభాలు, మసీదుల తీరు గుమ్మటాలు అందులో కలిసి ఉన్నాయి. పరాయి దేశపు నకలు కాకుండా ఈ నేల రూపంలోనే దేవుని ఇల్లు ఉండాలని ఆయన ఆశ. తెలుగు బాణీలలో కీర్తనలు పాడుకోవడాన్నీ ఆయన ప్రోత్సహించారు.

ఆసుపత్రిలో దీనికేమి పని?

పని ఉన్నది. 1793లో వైద్యుని తప్పుడు నమ్మకం ప్రాణాలు తీసింది. ఆ జబ్బు పూర్తిగా పోలేదు. 2016లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, తెల్లజాతి వైద్య విద్యార్థులు, యువ వైద్యులలో దాదాపు సగం మంది నల్లజాతి వారి శరీరం గురించి ఏదో ఒక అబద్ధాన్ని నమ్ముతున్నట్టు తేలింది. వారి చర్మం మందమన్నది అలాంటి వాటిలో ఒకటి. అలా నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. మనలో కూడా, "వీళ్లు మొరటు మనుషులు, ఓర్చుకుంటారులే" అని పేద తల్లి కాన్పు నొప్పిని తేలికగా తీసుకునే మాట ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది. సంబంధాల దగ్గర, సంఘ పదవుల దగ్గర ఇంటిపేరు వెనుక కులం వెతికే అలవాటూ మనల్ని వదలలేదు.

కాబట్టి ఈ ఆదివారం నుంచే మూడు సంగతులు ఆలోచించుదాము:

1. మన గుడిలో ముందు వరుసలో ఎవరు కూర్చుంటున్నారు? కమిటీలో ఎవరు కూర్చుంటున్నారు? రెండూ చూడండి.

2. మన క్వయరు ఎవరి పాటలు పాడుతున్నది? పల్లె నుంచి వచ్చిన అవ్వకు వచ్చిన పాట ఒక్కటైనా ఆమెనే అడిగి పాడించండి.

3. వార్డు ఊడ్చే అక్కను, బెడ్‌పాన్ తీసే ఆయమ్మను, మార్చురీ దగ్గర పనిచేసే అన్నను పేరు పెట్టి పలకరించండి. కష్టకాలంలో సేవ చేసినవారి మీద తరువాత నింద వేయడం కొత్త కాదు. ఆ పాపంలో మనం పాలివారం కాకూడదు.

లూకా సువార్త 10వ అధ్యాయంలో సమరయుడు గాయాలు కట్టాడు. పూటకూళ్లవాని చేతిలో ఖర్చుకు డబ్బు కూడా పెట్టాడు. కట్టు, ఖర్చు రెండూ ఆయనవే. మన ఆరాధన కూడా పాటతో ఆగిపోకూడదు. మోకరించిన మనిషిని లేపడానికి చెయ్యి చాపకండి. పక్కన మోకరించడానికి కొంచెం జరిగి చోటివ్వండి.

ప్రభువు మీ ఇంటివారికి ఆరోగ్యము, సమాధానము దయచేయును గాక.