అడ్డా కూలీకి పూచీ యెవరు?

అమీరుపేట మెట్రో స్టేషను మొదలు పంజాగుట్ట చౌరస్తా వఱకు గల దారి సుమారొక మైలు. ఈ మైలు దూరములో తెల్లవాఱినది మొదలు అర్ధరాత్రి వఱకు పనికొఱకు నిలిచియుండువారు, పనిపై పరుగెత్తువారు, పని నేర్చుకొనుచున్నవారు ఎదురగుచునే యుందురు. ఉదయము ఆఱు గంటలకే కూడళ్ళలో పారలు, తాపీలు, రంగు కుంచెలు పట్టుకొని మేస్త్రీ రాకకై చూచుచుండు అడ్డా కూలీలు. మైత్రీవనము చుట్టును సాఫ్టువేరు శిక్షణాలయముల మెట్లెక్కుచున్న పట్టభద్రులు. వీపున సంచి తగిలించుకొని మోటారు సైకిళ్ళపై భోజనపు పొట్లములు చేరవేయు యువకులు. చూచుటకు వీరు వేఱువేఱు తెగలవారే గాని, పని లేని దినమున అందఱి గతియు నొక్కటే. చట్టము ముందుగా "నీ యజమాని యెవరు?" అని యడుగును. వీరికి చెప్పుటకు పేరు లేదు.

మన దేశమున కార్మికరక్షణ శాసనములు లేకపోలేదు. 1948లో ఇ. ఎస్. ఐ. చట్టము వచ్చినది, ఈ ప్రాంతమునకు చేరువనే సనత్‌నగరులో దాని పెద్ద ఆసుపత్రియు గలదు. నెలకు 21,000 రూపాయలకు మించని జీతగాండ్రకు అందు వైద్యము లభించును. 2018లో వచ్చిన అటల్ పథకము, 2020లో దానికి చేసిన సడలింపు ననుసరించి, ఉద్యోగము పోయినవానికి 90 దినముల వఱకు సగటు సంపాదనలో సగ మిచ్చు నేర్పాటు చేసినది. ఇవన్నియు మంచివే. కాని యజమాని తన వంతుగా జీతముపై నూటికి 3.25 చొప్పున చెల్లించినగాని పనివాని పేరు పుస్తకమున కెక్కదు. అడ్డా కూలీకి సోమవార మొక మేస్త్రీ, మంగళవార మొక యింటివారు, బుధవార మెవరును లేరు.

అట్టివారికొఱకే 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టము వచ్చినది. కట్టడపు వ్యయముపై నూటికొక రూపాయి సెస్సు వసూలగుచున్నది. హైదరాబాదులో అంతస్తులు లేచినకొలది ఆ నిధియు పెరుగవలసినదే. కాని నిధినుండి సహాయము పొందగోరువాడు గడచిన పండ్రెండు మాసములలో 90 దినములు నిర్మాణపు పని చేసినట్లు చీటి తేవలెను. మేస్త్రీ చీటి వ్రాసి యియ్యడు. చీటికై కార్యాలయముల చుట్టు తిరిగినచో ఆనాటి కూలి పోవును. ఈ చిక్కు కూలీ చేసికొన్నది కాదు, నిబంధన వ్రాసినవారు చేసినది.

మోటారు సైకిలుపై తిరుగు యువకుని స్థితి మఱింత విచిత్రము. కంపెనీలవారు వానిని నౌకరు అనరు, భాగస్వామి యందురు. లాభములో భాగము లేక నష్టములో మాత్రము నిండు భాగముగల యిట్టి పొత్తు మన వర్తకులు వ్రాసికొను పత్రముల యందెచ్చటను కానరాదు. 2023 జనవరిలో బంజారాహిల్సులో ఒక యింటికి పొట్లము నందింపబోయిన యువకుడు పెంపుడు కుక్క మీదికి రాగా తప్పించుకొనబోయి, మూడవ యంతస్తునుండి పడి, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో ప్రాణము విడిచెను. ఆ యేటి డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఇట్టి పనివారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించెను. అది ప్రాణము పోయిన తరువాతి మాట. బండి చెడియో, జ్వరము వచ్చియో పది దినములు ఇంట కూర్చున్నవాని మాట యేమి?

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఆ కంపెనీలు తమ వార్షిక వ్యాపారపు మొత్తముపై నూటికి ఒకటి మొదలు రెండు రూపాయల వఱకు నిధికి చెల్లింపవలెనని యందు గలదు. అయితే అది ఆ పనివారికి చెల్లించు మొత్తములో నూటికి అయిదుకు మించరాదు. రాజస్థానము 2023లోనే ప్రత్యేక శాసనము చేసెను. మన రాష్ట్రము 2025లో ముసాయిదా ప్రకటించెను. ఈ పద్ధతిలోని మేలేమనగా, నిధి వ్యాపారమునుండి వచ్చును, పేరు పనివానితోనే యుండును. కంపెనీ మారినను పేరు చెరగదు. అడ్డా కూలీకిని దీనినే వర్తింపజేయుటకు అడ్డమేమో మాకు తోచుట లేదు.

ఇక శిక్షణాలయముల యువకులు. ఎకరమో అరయెకరమో అమ్మి కుమారుని అమీరుపేటకు పంపిన రైతులు ఈ పత్రిక చదువువారిలోనే యుందురు. 2020 మార్చి 25న, దేశము మూతపడిన మొదటి దినముననే, ఇచ్చటి హాస్టళ్ళవారు పెక్కురు వీరిని ఖాళీ చేయుడనిరి. యువతీయువకులు పోలీసు స్టేషనుల యెదుట అనుమతి పత్రములకై బారులు తీరిరి. ఆ పత్రములు పట్టుకొని బయలుదేరినవారిని కృష్ణాజిల్లా గరికపాడు వద్ద సరిహద్దు దాటనీయక నిలిపివైచిరి. అప్పుడు ప్రభుత్వము తెల్లకార్డుగల కుటుంబమునకు 1,500 రూపాయలును, మనిషికి 12 కిలోల బియ్యమును ఇచ్చినది, మెచ్చదగిన పనియే. కాని హాస్టలు గదిలో నున్నవాని కార్డు తండ్రి యూరిలో నుండెను. నిరుద్యోగ భృతి యందురా, 2018 ఎన్నికలలో నెలకు 3,016 రూపాయలనిరి. ఆ ప్రభుత్వము దిగిపోవు వఱకు అది చేతికి రాలేదు. 2023లో ప్రతిపక్షమువారు 4,000 అనిరి.

వార్ధక్యము, రోగము, నిరుద్యోగము వలని యిక్కట్టులనుండి కార్మికునికి రక్షణ యుండవలెనని 1931లోనే కరాచీ కాంగ్రెసు తీర్మానించెను. రాజ్యాంగపు 41వ అధికరణము పని హక్కును, నిరుద్యోగికి ప్రభుత్వ సహాయమును పేర్కొన్నది. అయితే ప్రభుత్వ శక్తి మేరకు అను మాటను చేర్చినది. పల్లెలకు ఆ శక్తి కొంత చాలినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ఆరంభమయ్యెను. ఏటికి 100 దినముల పని. అడిగిన 15 దినములలో పని చూపనిచో భృతి. 2025 డిసెంబరులో పార్లమెంటు దానికి బదులు వేఱొక చట్టము చేసి, దినములను 125కు పెంచి, వ్యయములో రాష్ట్రముల వంతునుగూడ హెచ్చించినది. కూలి రేట్లు పెరిగెనని మన భూస్వాములు సణుగుకొన్న మాట నిజమే. కాని ఆ కూలీయే బస్సెక్కి అమీరుపేట కూడలికి చేరినంతనే ఆ హక్కు ఊరి పొలిమేరలోనే నిలిచిపోవుచున్నది. కేరళము 2010లోను, రాజస్థానము 2022లోను పట్టణములకు 100 దినముల పని హామీని ప్రవేశపెట్టినవి. భాగ్యనగరము ఆ రెంటికంటె బీద కాదు.

పని యెక్కడ నున్నదని యడుగువారు వానకాలములో మైత్రీవనము కూడలికి వచ్చి చూడవచ్చును. ఒక గంట వాన కురిసినచో మోటారు సైకిళ్ళు నీట మునుగును. వాననీటి కాలువల పూడిక తీయుట, పాదచారుల బాటలు బాగుచేయుట, చెట్లు నాటి పెంచుట నగరమున కెన్నటికిని తీరని పనులు. ఊరక యిచ్చినచో జనులు సోమరులగుదురను వాదమునకు ఇచ్చట తావు లేదు. ఉదయము ఆఱింటికి పార పట్టుకొని నిలిచినవానిని సోమరి యనుట యెట్లు?

ఈ నగరములో పేదవాని నెట్టి చీటియు అడుగని యేర్పాటొకటి గలదు. 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనము. 2025లో ఇందిరమ్మ క్యాంటీనులని పేరు మార్చి ఉదయపు ఫలహారమునుగూడ చేర్చిరి. పళ్ళెము చాచినవానికి పెట్టుదురు, అంతియే. పనివారి జాబితాయు నిట్లే తెఱచియుండవలెను. నగర పాలకసంస్థ ఉదయముననే ఒక గుమాస్తాను అడ్డాకు పంపి, నిలిచియున్నవాని పేరును ఆ దినపు హాజరును అచ్చటనే వ్రాసికొనినచో, సెస్సు నిధి కోరు 90 దినముల సాక్ష్యము మేస్త్రీ దయ లేకయే కూడును. పని దొరకక మిగిలినవారిని ఆనాడే కాలువ పనికి పంపవచ్చును. దీనికి క్రొత్త భవనము అక్కఱలేదు. ఒక బల్ల, ఒక పుస్తకము, వచ్చు వానకాలమునకు ముందుగా ఒక ఉత్తరువు చాలును.