యాస కొలత: శిఖరములు, లోయలు

1962లో తొలిసంపుటము వెలువడిన మాండలిక వృత్తిపదకోశమున పదములు నిలిచినవి. యాసలోని ఎగుదిగుడులు అట్లు నిలువవు. టెక్కలి, పలాస, ఉద్దానపు పలుకుబడిని కొలువవలెనన్న, గొంతు సెకనునకెన్ని మారులు కంపించెనో గీతగా గీయవలెను. ఆమ్‌స్టర్‌డాంలో రూపొందిన ప్రాట్ అను ఉచితసాధనము ఈ పని చేయును. శిఖర లోయల ఎత్తుల భేదమును కాలభేదముచే భాగించిన ఏటవాలు తెలియును.

పావుసెకనులో పురుషుని గొంతు 120 నుండి 180 కంపనములకును, స్త్రీ గొంతు 200 నుండి 300కును ఎగసెననుకొందము. భేదములు 60, 100; కాని చెవికి రెండును షడ్జమమునుండి పంచమమునకు ఎక్కుటయే. కావున నిష్పత్తిని గ్రహించి 7 స్వరస్థానములని లెక్కింపవలెను. అప్పుడు ఇరువురి ఏటవాలును సెకనునకు 28 స్వరస్థానములే.

గాలిహోరు, పరుషములవద్ద గీత తెగుట, యంత్రము కంపనములను రెట్టింపుగా లెక్కించుట అను కారణములచే లేని శిఖరములు పుట్టును. వరుసగా అయిదేసి కొలతలను తీసికొని, వానిని పరిమాణక్రమమున పేర్చి, నడిమిదానిని గ్రహించిన గీత నునుపగును. పిదప ప్రక్కలోయకంటె, ఉదాహరణకు, 2 స్వరస్థానములకు మించిన మిట్టనే శిఖరమనవలెను. ఈ హద్దును ఫలితముతోపాటు ప్రకటింపనిచో, ఉద్దానపు తోటలలోని గాలిని మాండలికముగా నమోదు చేసినవారమగుదుము.