తుపాకీ వద్దు... గాలం చాలు!

ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లతో కుస్తీపట్టి రిటైరైన మనిషిని ‘ఇకనేం చేస్తారు?’ అని అడిగి చూడండి. చాలామంది నోట వచ్చే మాట ఒకటే. ‘ఊరెళ్లిపోతా. చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చుంటా’. నెల్లూరు పడమటి మెట్టలో పుట్టిపెరిగినవాళ్లయితే దానికి ఇంకో ముక్క కలుపుతారు. ‘మా తాత తుపాకీ భుజాన వేసుకుని కొండెక్కితే కుందేలో కముజు పిట్టో లేకుండా దిగేవాడు కాదు’ అని.

ఆ కలకు తగ్గ చోటే అది. కలువాయి వైపు వెళ్తే పడమటి దిక్కున వెలికొండలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి. ఓ పక్క పెన్న మీద సోమశిల జలాశయం. నిండితే 78 టీఎంసీలు. మరోపక్క రాపూరు దగ్గర కండలేరు. అది 68 టీఎంసీలు. ఈ రెండింటినీ కలిపే వరద కాలువ కలువాయి మండలం మీదుగానే పోతుంది. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ నీళ్లు వెలుగోడు, బ్రహ్మంసాగర్ దాటి సోమశిలలో పెన్నతో కలిసి, కండలేరు మీదుగా చెన్నై గొంతు తడపడం 1996లో మొదలైంది. అడవి దగ్గర, నీళ్లు దగ్గర. వేటా చేపలూ ఇష్టమైనవాళ్లకు ఇంకేం కావాలి?

అలాగని గ్రాట్యుటీ డబ్బులు తీసుకెళ్లి వెంటనే స్థలం కొనేయొద్దు!

తాత కాలం చెల్లింది

ముందు తుపాకీ సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్నాళ్లపాటు కొన్ని జంతువులను లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుపోయింది. 1997లో వెలికొండల వెంట వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణ తరువాత జరిమానా పాతిక వేలకు తగ్గదు. పింఛను తీసుకుంటూ హాయిగా గడపాల్సిన వయసులో కోర్టు మెట్లెక్కాలని ఎవరికుంటుంది?

‘మరి చేలో పడి వేరుసెనగ తవ్విపోసే అడవిపంది మాటేమిటి?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దాన్ని కాల్చాలన్నా అనుమతి కావాలి. అది దొరక్క కొందరు చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పరుస్తారు. ఆ తీగలు తగిలి రాష్ట్రంలో మనుషులే పోయిన సంఘటనలు ఎన్నో. పొలాల మధ్య ఇల్లు కట్టుకుని తెల్లవారుజామున వాకింగుకు బయల్దేరే పెద్దాయన మొదట తెలుసుకోవాల్సింది పులి గురించి కాదు, ఆ తీగల గురించి.

వేటగాడి కన్ను ఉంటే తుపాకీ లేకపోయినా అడవి వృథా పోదు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డాన్ ఇక్కడి యానాదుల దగ్గర కూర్చుని పిట్టల గురించి, జంతువుల గురించి అడిగి తెలుసుకునేవాడు. తరువాతి రోజుల్లో భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆయన పేరు పెట్టుకున్న కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986లో వెలికొండలకు ఆవల, కడప జిల్లా లంకమల ప్రాంతంలో దొరికింది. రాత్రిపూట దాన్ని పట్టుకొచ్చి పక్షి శాస్త్రజ్ఞుల చేతిలో పెట్టింది ఎవరనుకున్నారు? ఓ స్థానిక వేటగాడు! ఆ పిట్ట కోసం తరువాత అక్కడ అభయారణ్యమే వెలసింది. పాతికవేల తుపాకీ కన్నా మంచి బైనాక్యులర్ ఒకటి కొనుక్కోవడం మేలు.

ఆ చేప ఎవరిది?

ఇక మిగిలింది గాలం. ఇక్కడా ఓ చిక్కుంది. చెరువు మన ఊరిదే, నీళ్లు వానవే, మరి చేపలో? సాధారణంగా చెరువు చేపల మీద హక్కును మత్స్యకారుల సహకార సంఘానికి లీజుకిస్తారు. కొన్నిచోట్ల పంచాయతీ వేలం వేస్తుంది. జలాశయాల్లో పట్టుకోవడానికి మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది. పిల్లలను తెచ్చి వదిలిందీ, రాత్రిళ్లు కాపలా కాసిందీ వాళ్లు. మనం సరదాగా పట్టే రెండు శీలావతులు వాళ్లకు ఆ పూట కూలి. కాబట్టి గాలం వేసేముందు సంఘం పెద్దను కలిసి ఓ మాట అడగడం మర్యాదే కాదు, అవసరం కూడా. అడిగితే, సరదాకి వేసే ఒక్క గాలానికి సాధారణంగా కాదనరు. అడక్కుండా రోజూ వెళ్లి కూర్చుంటే మాత్రం ఊళ్లో మాట పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు అంతకు మించిన నష్టం లేదు.

అమెరికాలో వేట, చేపల సరదా ఉన్నవాళ్లు రిటైరయ్యాక ఏ రాష్ట్రంలో స్థిరపడాలో తేల్చుకునేటప్పుడు లైసెన్సు ఫీజులు కూడా చూసుకుంటారు. ఫ్లోరిడాలో స్థిరనివాసులకు 65 ఏళ్లు నిండితే గాలానికి లైసెన్సే అక్కర్లేదు. కొడుకు దగ్గరికి టెక్సస్ వెళ్లిన మన పెద్దవాళ్లు, పట్టిన చేపను స్కేలుతో కొలిచి, చిన్నదైతే మళ్లీ నీళ్లలో వదిలేయడం చూసి ముక్కున వేలేసుకుంటారు. నిజానికి ఆ పద్ధతి మన చెరువులకూ కొత్త కాదు. కొరమీను తన పిల్లలను వెంటేసుకుని కాపలా కాస్తుంది. నీటి మీద ఎర్రెర్రగా పిల్లల గుంపు కదులుతోందంటే తల్లో తండ్రో కిందనే ఉన్నట్టు. కప్పపిల్లను ఎరగా వేస్తే ఇట్టే పడుతుంది. దాన్ని పట్టేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలు. అనుభవం ఉన్న చేయి ఆ చోట గాలం వేయదు.

మిగతా విద్యంతా ఓపికే. జెల్లలకూ మార్పులకూ వానపాము. శీలావతికీ బొచ్చెకూ తవుడు ముద్దో పిండి ముద్దో. బెండు కదలగానే లాగేవాడికి ఖాళీ కొక్కెమే మిగులుతుంది. అది మునిగేదాకా ఆగాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ చేతకానిది సరిగ్గా అదే!

కార్తీకంలో కాదు, మేలో చూడాలి

ఊరు ఎంచుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు కార్తీక మాసంలో వెళ్లి చూడటం. నెల్లూరు సీమకు వానలిచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు నిండి, గట్లు పచ్చగా, కొంగలతో కళకళలాడుతుంటాయి. ఆ అందం చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. అదే చెరువు మే నెలలో నెర్రెలిచ్చి ఉంటుంది. అప్పుడు మిగిలేది పెద్ద జలాశయాల నీరే. వాటికి దగ్గరగా స్థలం దొరికితే మంచిదే కానీ, పెన్న ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2021 నవంబరు వరదల్లో సోమశిల దిగువన పెన్న గట్ల వెంట ఊళ్లు ఎంత అల్లాడాయో అక్కడివాళ్లనడిగితే చెబుతారు. ఏట్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లనే చూపించమని, ఆ గుర్తుకు పైన ఇల్లు చూసుకోవాలి. అడవి అంచు భూమైతే సర్వే నంబరు పట్టుకుని అటవీశాఖ హద్దులు సరిచూసుకోవాలి.

ఇంకో ప్రశ్న ఎవరికీ నచ్చదు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పొస్తే ఎక్కడికి? పెద్దాసుపత్రి కావాలంటే నెల్లూరే. అందుకే ముందు ఏడాదిపాటు అద్దెకుండి చూడటం తెలివైన పని. భార్యకు గాలం సరదా లేకపోవచ్చు. ఆవిడకు ఊళ్లో నలుగురు స్నేహితులు దొరుకుతారా అన్నది, చెరువులో చేపలున్నాయా అన్నదానికంటే ముందు తేల్చుకోవాలి. ఈ ఒక్కటీ మరిచి, ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ సిటీకి పెట్టేబేడా సర్దుకునేవాళ్లుంటారు.

అన్నీ కుదిరి, ఇద్దరికీ నచ్చి అక్కడే ఉండిపోయినవాళ్లకు ఉదయం గట్టు మీద ఓ ప్రశ్న తప్పదు. దారినపోయే ప్రతివాడూ సైకిలాపి మరీ అడుగుతాడు... ‘ఏం సారూ, పడ్డాయా?’ అని. పడితే సరే. మామిడికాయ ముక్కలు వేసి మట్టి దాకలో పులుసు పెట్టి, తినకుండా మర్నాటి దాకా ఉంచడమే కష్టం. పడకపోతే, తిరిగొచ్చే దారిలో సంఘం వాళ్ల దగ్గర కిలో కొనుక్కుని ఇంటికెళ్లి, తనే పట్టానని చెప్పేవాళ్లూ లేకపోలేదు.